ఒంటిచేతి మూత

నాకు ఓర్వలేనితనం ఎక్కువ. ఈ మాట మొదటే చెప్పేస్తే తర్వాత దాచుకునే శ్రమ తప్పుతుంది. చీరల మీద, నగల మీద కాదు. ఆ విషయంలో మా తోడికోడళ్లందరి కంటే నేనే నయం. నా కడుపుమంటంతా పని దగ్గరే. నేను చేసే పనిని నా కళ్లముందు ఇంకొకరు నాకంటే తేలిగ్గా చేస్తే నాకు ఆ పూట అన్నం సహించదు.

టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఒక చిన్న మిషన్ దవాఖానా ఉంది. అందులో నేను పంతొమ్మిదేళ్లుగా రికార్డుల గుమాస్తాను. పేరుకు గుమాస్తానే గానీ చీటీలు రాయడం, ఫైళ్లు వెతకడం ఎవరైనా చేస్తారు. నా అసలు పని పాదాలు. మా దగ్గర కాన్పు కాగానే తల్లి కేసు కాగితం మీద బిడ్డ పాదం ముద్ర తీస్తాం, దాని పక్కన తల్లి వేలిముద్ర. ఒకరి బిడ్డ ఇంకొకరి ఒళ్లోకి పోకుండా ఆ జాగ్రత్త. ఇంకో ముద్ర చిన్న అట్ట మీద వేసి ఇంటివాళ్లకు ఇస్తాం. గూడేల్లో ఆ అట్టను ఇంటి వాసానికి గుచ్చి పెట్టుకుంటారు. కొన్ని ఇళ్లల్లో నలుగురు పిల్లల పాదాలు వరసగా ఉంటాయి, నాలుగూ నేను తీసినవే.

పుట్టిన బిడ్డ పాదం ముద్ర తీయడం చూసినంత సులువు కాదు. కాలు ముట్టుకోగానే వేళ్లు ముడిచేస్తుంది. చీలమండ దగ్గర రెండు వేళ్లతో పట్టుకొని, ముందు మడమ ఆనించి, మెల్లగా వేళ్ల వైపు దొర్లించాలి. అన్నిటికంటే ఆఖరున చిటికెనవేలు. అది పడితే ముద్ర పడ్డట్టే. డాక్టరమ్మ చేసినా, నర్సులు చేసినా చిటికెనవేలు దగ్గర చుక్క కూడా పడేది కాదు. అప్పుడు నన్ను పిలిచేవాళ్లు. లేబర్ రూములోంచి "అక్కను పిలువుండ్రి" అని వినబడితే నేను వెంటనే లేచేదాన్ని కాదు. రెండోసారి పిలిచేదాకా ఏదో రాస్తున్నట్టు కూర్చునేదాన్ని.

స్టాంపు ప్యాడు అందరూ ఎరిగిన రేకు డబ్బానే. అరచేయంత ఉంటుంది. లోపల సిరా పీల్చిన గుడ్డ, పైన మూత, వెనక ఒక మడతబందు. తంటా అంతా ఆ మూతతోనే. తీయాలంటే ఒక చేత్తో డబ్బా పట్టుకొని, ఇంకో చేతి గోరు అంచులో దూర్చి లాగాలి. తీశాక అది వెనక్కి పూర్తిగా వాలదు, నిటారుగా నిలబడుతుంది. తీరా బిడ్డ పాదం ఆనించబోయే వేళకు టప్పున మూసుకుంటుంది. ఒక చేతిలో బిడ్డ, ఇంకో చేతిలో పాదం. మూత పట్టుకోవడానికి మూడో చెయ్యి దేవుడు నాకివ్వలేదు. అందుకని దాన్ని ఎడమ మోచేతి కింద నొక్కి పట్టేదాన్ని. నా జాకెట్ల ఎడమ చేతులన్నీ ఊదారంగు మరకలే. ఆ మరకలు నాకు గర్వంగా ఉండేవి. మూతను బాగుచేయాలని మాత్రం పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ చెడ్డ మూత వల్లే ఆ పని నాకు తప్ప ఇంకెవరికీ చేతకాలేదని నాకప్పుడు తట్టలేదు.

పోయిన ఏడాది ఎండలు ముదరకముందు కొత్త నర్సు వచ్చింది. ఆమెది పినపాక వైపు లోపలి గూడెం. మిషన్ వాళ్లే చదివించారు. ఇరవై మూడేళ్లు ఉంటాయేమో, సన్నగా, చకచకా నడిచే మనిషి. వచ్చిన రోజే అడవి ఊళ్ల ఆడవాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడింది. నొప్పులతో మూలుగుతున్న ఒకావిడ ఆ మాటలకు నవ్వింది. ఇన్నేళ్లలో ఆ భాషలో నాకు వచ్చినవి మూడే ముక్కలు: రా, కూర్చో, నొప్పా. నేను మాట్లాడితే వాళ్లు తలూపేవాళ్లు గానీ నవ్వేవాళ్లు కాదు. ఆ అమ్మాయి మీద నా కడుపుమంట అక్కడే మొదలైంది. మూత సంగతి తర్వాత వచ్చింది.

మొదటిసారి నేను ముద్ర తీస్తుంటే పక్కన నిలబడి చూసింది.

"అక్కా, గీ మూత గిట్ల నిలవడుడేంది? మీకు మోచెయ్యి నొస్తలేదా?"

"అలవాటైంది" అన్నాను.

"అలవాటైతే నొయ్యదా?" అని నవ్వింది. ఆమె మామూలుగానే అడిగింది. నాకు మాత్రం నా మోచేతిని ఎవరో వేలెత్తి చూపినట్టు అనిపించింది.

పది రోజులు పోయాక ఒక ప్యాడు తెచ్చి పెద్ద సిస్టరమ్మ బల్ల మీద పెట్టింది. పెద్ద సిస్టరమ్మ అంటే మా దవాఖానా నడిపే కన్యాస్త్రీ, ఆమె మాటే మాకు చట్టం. ఆ ప్యాడు మా రేకు డబ్బానే, మూత మాత్రం కొత్త పోకడ. పాత మడతబందు తీసేసి, విరిగిపోయిన కళ్లజోడు డబ్బా బందు పెట్టి బిగించింది. గొంతు చూసేటప్పుడు నాలుక అదిమి పెట్టే చెక్కపుల్ల ఉంటుందే, అందులో సగం ముక్కను మూత ముందు నాలుకలా అతికించింది. ఆ ముక్కను చిటికెనవేలితో నొక్కితే చాలు, మూత లేచి వెనక్కి పడుకుంటుంది. పడుకున్నది పడుకున్నట్టే ఉంటుంది. పని అయ్యాక మణికట్టుతో అలా తడితే మూసుకుంటుంది. డబ్బా జారిపోకుండా అడుగున చెప్పు రబ్బరు ముక్క. చేతిలో బిడ్డ ఉండగా, ఒక్క వేలితో.

సిస్టరమ్మ దాన్ని చిన్నపిల్లలా ఏడెనిమిదిసార్లు తెరిచి మూసింది. నా వైపు తిరిగి, "చూశావా, ఇన్నేళ్లూ మనకెవరికీ తోచలేదు" అంది. మనకెవరికీ అంటే నాకని అర్థం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను నా జాకెట్టు మరకను కొంగుతో కప్పుకున్నాను.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటికి పోకుండా తిన్నగా మా ఆయన షెడ్డుకు వెళ్లాను. ఆయన మోటారుసైకిళ్ల మెకానిక్. ఇంకో స్టాంపు ప్యాడు కొని తీసుకెళ్లి ఆయన ముందు పెట్టాను.

"దీనికి మంచి మూత చెయ్యాలె" అన్నాను.

అంతా విని ఆయన, "నీకు మంచి మూత కావాల్నా, ఆ పిల్ల చేసిన దానికంటె మంచి మూత కావాల్నా?" అన్నాడు.

"రెండూ ఒకటే గద."

"ఒకటి కాదు" అన్నాడు గానీ పాపం కూర్చున్నాడు. బ్రేకు స్ప్రింగు ఒకటి కోసి వెనక బిగించాం. పక్కన ఒక మీట పెట్టాం. మీట నొక్కితే మూత ఎగిరి తెరుచుకోవాలి, అదీ నా ఆలోచన. ఎగరడం ఎగిరింది. మూసేటప్పుడు ఆయన బొటనవేలు పట్టుకుంది. వేలు నోట్లో పెట్టుకొని, "ఇది స్టాంపు ప్యాడా, ఎలుకల బోనా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇంకొంచెం సర్దమన్నాను. సాయంత్రానికి ఫరవాలేదనిపించింది.

సోమవారం దాన్ని సిస్టరమ్మ ముందు పెట్టి మీట నొక్కాను. మూత తెరుచుకున్న ఊపుకు డబ్బా మొత్తం గాల్లోకి లేచి ఒక కేసు కాగితం మీద బోర్లా పడింది. సిస్టరమ్మ ఆ కాగితాన్ని అంచు పట్టుకొని పక్కకు తీసింది. ఆ నర్సే గబగబా దూది తెచ్చి బల్ల తుడిచింది. తుడుస్తూ నాకు మాత్రమే వినబడేలా, "స్ప్రింగు జరంత మెత్తగుంటె సరిపోతదక్కా. ఆలోచన మంచిదే" అంది. తిట్టినా బాగుండేది. అంత దయగా మాట్లాడేసరికి నా ఒళ్లు మండిపోయింది.

వారం తిరక్కుండా సిస్టరమ్మ నన్ను పిలిచి చెప్పింది. వచ్చే నెల నుంచి పాదాల ముద్రలు లేబర్ రూములోనే నర్సు తీస్తుంది, నేను వరండాలో చీటీల దగ్గర ఉంటే చాలు. "నీకూ కాస్త విశ్రాంతి" అంది. విశ్రాంతి కావాలని నేనెవరినీ అడగలేదు. వరండాలో కూర్చొని పేరు, ఊరు, వయసు, జబ్బు రాసుకుంటూ ఉంటే లోపల బిడ్డ ఏడుపు వినబడేది. నా కుడిచెయ్యి దానంతటదే కలం కింద పెట్టేసేది. లేచి పోవాల్సిన పని లేదని గుర్తొచ్చి మళ్లీ కలం తీసుకునేదాన్ని.

ఆ నెలంతా నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. రోజూ సాయంత్రం వెళ్లేముందు ఫైళ్లు సర్దే నెపంతో ఆమె తీసిన ముద్రలు చూసేదాన్ని. ఒక్కటైనా చెడిపోయి ఉండాలని ఆశ. ఒక్కో పాదానికి వేళ్లు లెక్కపెట్టేదాన్ని. ఐదు. ఐదు. ఐదు. చిటికెనవేలు కూడా నిండుగా ఉండేది. మూత సందులోంచి గాలి దూరి ప్యాడు ఎండిపోతుందేమోనని నా వేలు పెట్టి కూడా చూశాను. మే నెల ఎండకు గోడలే పగిలిపోతున్నాయి గానీ, ఆ గుడ్డ మాత్రం పొద్దున ఎంత తడిగా ఉందో సాయంత్రం అంతే తడిగా ఉండేది. మూతలో ఏ లోపమూ లేదు. ఆ సంగతి ఆమె కంటే నాకే ఎక్కువ తెలుసు.

బీడీలు చుట్టే తునికాకు కోతల రోజులు. ఒకావిడ ఆకు కోస్తుండగానే నొప్పులొచ్చి, అత్తను వెంటబెట్టుకొని ఆటోలో దిగింది. పదకొండు గంటలకు మగబిడ్డ పుట్టాడు. అదే సమయానికి పక్క మంచం మీద ఇంకో కాన్పు కష్టంగా ఉంది. నర్సు ముద్ర తర్వాత తీద్దామని బిడ్డను గుడ్డలో చుట్టి నాయనమ్మ చేతికిచ్చి లోపలికి పరిగెత్తింది.

ఆ ముసలమ్మ బిడ్డను తెచ్చి నా కిటికీ ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. సంచిలోంచి సీసా తీసింది. ఇప్పనూనె. అడవి ఊళ్లల్లో బిడ్డ పుట్టిందంటే ఆ సీసా లేకుండా ఎవరూ రారు. బిడ్డ కాళ్లు చల్లగా ఉన్నాయనుకుందేమో, అరచేతిలో నూనె వంపుకొని పిక్కలకు, మడమలకు, అరికాళ్లకు రుద్దింది. వేళ్లు ఒక్కొక్కటే విప్పి సందుల్లో కూడా రాసింది. నేను చూస్తూనే ఉన్నాను. నూనె కాలికి సిరా అంటదు. నా మొదటి ఏడాదిలోనే అలా రెండు ముద్రలు పాడుచేసుకొని నేర్చుకున్నాను. అందుకే నూనె సీసా బయటికి రాకముందే ముద్ర తీసేదాన్ని, లేదంటే స్పిరిటు దూదితో పాదం తుడిచేదాన్ని. ఈ సంగతి కాగితం మీద ఎక్కడా లేదు. నాకొక్కదానికే తెలుసు. ఆ అమ్మాయికి చెప్పే సందర్భం రాలేదు, నేను కల్పించుకోనూ లేదు. ఆ పని ఇప్పుడు నాది కాదు కదా అనుకొని తర్వాతి చీటీ రాశాను.

అరగంట తర్వాత లోపల అలికిడి మొదలైంది. నేను కాస్త ఆగి గుమ్మం దగ్గరికి వెళ్లాను. నర్సు ముఖం నిండా చెమట. మూడు కాగితాలు పాడయ్యాయి. ప్రతిదాని మీద పాదం ఉండాల్సిన చోట అక్కడక్కడా మచ్చలు, అంతే. సిస్టరమ్మ అప్పుడే అటు వచ్చింది.

"సిరా ఆరిపోయినట్టుంది. ఈ ఎండకు ఆ మూత ఆగుతుందా?" అంది.

నర్సు తన వేలు ప్యాడు మీద నొక్కి చూసుకుంది. వేలికి సిరా అంటింది. "తడి ఉన్నది గద సిస్టరమ్మా" అంది మెల్లగా. సిస్టరమ్మ అప్పటికే పక్క మంచం వైపు తిరిగింది. ఆ అమ్మాయి నా వైపు చూసింది. ఎందుకిలా అవుతోందో నన్ను అడుగుతున్న చూపు అది.

"అంచుల దగ్గర ఆరి ఉంటది" అన్నాను.

"నీ పాత ప్యాడు ఉందా?" అని సిస్టరమ్మ అటునుంచే అడిగింది. ఉంది. నా సొరుగులో ఉంది. నెల రోజులుగా ఎవరూ అడగకపోయినా ప్రతి సోమవారం దానికి సిరా పోస్తూనే ఉన్నాను. తెచ్చాను. పాదం పట్టుకునే ముందు స్పిరిటు దూది తీసుకొని, శుభ్రం కోసం తుడుస్తున్నట్టు, వేళ్ల సందులతో సహా రెండుసార్లు తుడిచాను. అందరూ నా చెయ్యినే చూశారు, దూదిని ఎవరూ చూడలేదు. మూతను మోచేతి కింద నొక్కి, మడమ ఆనించి దొర్లించాను. ఐదు వేళ్లూ పడ్డాయి.

"కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు గానీ, చివరికి పాతదే అక్కరకు వచ్చింది" అంది సిస్టరమ్మ. రేపటి నుంచి ముద్రలు మళ్లీ నన్నే తీయమంది. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం నా పెళ్లినాడు కూడా కలగలేదు. ఇది సిగ్గుపడి చెబుతున్న మాటే గానీ అబద్ధం కాదు. నర్సు ఆ కాగితం చేతిలోకి తీసుకొని, "ఎంత మంచిగొచ్చిందక్కా" అంది. నిజంగానే మెచ్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం అన్నాలయ్యాక తన ప్యాడు పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. పక్కన కూర్చుంది.

"అక్కా, నా మూతల లోపమేందో మీకు ఎరికయ్యే ఉంటది. జర చెప్పుండ్రి."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. వరండాలో ఇంకెవరూ లేరు. లోపం లేదు, ముసలమ్మ నూనె రాసింది అంటే అయిపోయేది. ఆ వెంటనే సిస్టరమ్మకు తెలుస్తుంది. నేను మళ్లీ చీటీల దగ్గరికి పోతాను.

"వెనక మడత దగ్గర గాలి పోతున్నది. ముందు కూడా వదులుగ ఉన్నది. గట్టిగ బిగించాలె" అన్నాను.

"అవ్ అక్కా, గట్లనే అయి ఉంటది" అంది. తడి అంటిన తన వేలిని కాదని నా మాట నమ్మింది.

నాలుగు రోజుల తర్వాత బాగుచేసి తెచ్చింది. చుట్టూ సైకిలు ట్యూబు రబ్బరు అంటించింది. ముందు చెక్కనాలుక తీసేసి ఒక కొక్కెం పెట్టింది. నేను వేలితో లేపి చూశాను. రాలేదు. ఒక చేత్తో డబ్బాను అదిమి పట్టి, ఇంకో చేత్తో కొక్కెం ఎత్తి లాగితే అప్పుడు వచ్చింది.

"ఇప్పుడు గాలి పోదు గదక్కా? తీసేటందుకు మాత్రం రెండు చేతులు పడుతున్నయ్."

"పదిలంగ ఉండాలంటె అంతే మరి" అన్నాను.

ఆ తర్వాత వచ్చిన నెల మొదటి శుక్రవారం పాపసంకీర్తనానికి, అంటే గుళ్లో ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకోవడానికి, వెళ్లాను. "అసూయపడ్డాను ఫాదర్, అబద్ధం చెప్పాను" అన్నాను. "దానివల్ల ఎవరికైనా నష్టం జరిగిందా?" అని ఆయన అడిగారు. "లేదు" అన్నాను. చెప్పిన ప్రార్థనలు మోకాళ్ల మీద చెప్పుకొని వచ్చేశాను. పాపం ఒప్పుకునే చోట ఇంకో అబద్ధం చేరిందని ఇంటి దారిలో తెలిసింది. వెనక్కి మాత్రం వెళ్లలేదు.

వానలు మొదలయ్యాక ఆమెను పినపాక వైపు ఉన్న మా మిషన్‌దే ఇంకో దవాఖానాకు పంపారు. సొంత ఊరి దాపు కాబట్టి సంతోషంగానే వెళ్లింది. వెళ్తూ ఆ బిగించిన ప్యాడును వెంట తీసుకుపోయింది. ముద్రలకు ఇప్పుడు లేబర్ రూములోంచి నన్నే పిలుస్తున్నారు. రెండోసారి పిలిచేదాకా ఆగే అలవాటు పోయింది. మొదటి పిలుపుకే లేస్తున్నాను.

ఈమధ్య ఆమె దగ్గరి నుంచి ఫోను వచ్చింది. నేను వరండాలోనే ఉన్నాను.

"మంచిగున్నరా అక్కా? ఇక్కడ నేనొక్కదాన్నే. నర్సును నేనే, గుమాస్తాను నేనే. ముద్రలు కూడ నేనే తీస్తున్న. సిరా అస్సలు ఆరుతలేదక్కా, మీరు చెప్పబట్టె."

"మంచిదమ్మా" అన్నాను.

"ఒక్కటే కష్టమైతున్నది. బిడ్డను ఎత్తుకొని మూత తీయరాదు గద. బల్ల మీద పండబెట్టి తీసి, మల్ల ఎత్తుకుంటున్న. నిన్న ఒక పిల్లగాడు బల్ల మీదికెళ్లి జారబోయిండు. కాలు అందితె పట్టుకున్న. నాకే ఇంక అలవాటు కాలేదు. మీకున్న పనితనం నాకు యాడికెళ్లి వస్తది?"

ఆ రబ్బరు పీకెయ్, కొక్కెం తీసెయ్, మొదట చేసినట్టే పెట్టుకో. ఇంతే చెప్పాలి. ఎందుకక్కా అని అడుగుతుంది. అడిగితే నూనె సంగతి చెప్పాలి. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్న సంగతి చెప్పాలి. తన వేలికి అంటిన తడిని నేను కాదన్న సంగతి చెప్పాలి.

"బల్ల మీద పెట్టకు. తల్లి పక్కన మంచం మీద పండబెట్టి మూత తియ్" అన్నాను.

"అవ్ అక్కా, గది నాకు తోచనే లేదు" అంది. ఆ సలహా ఇచ్చినందుకు కూడా నాకు రెండుసార్లు థాంక్స్ చెప్పింది. జాగ్రత్తగా ఉండమని ఫోను పెట్టేశాను. ఇది జరిగి పన్నెండు రోజులైంది. ఆమె నంబరు నా ఫోనులోనే ఉంది. రబ్బరు సంగతి ఇంకా చెప్పలేదు.